మోక్షగుండము విశ్వేశ్వరయ్య

నల్లమల కొండలకు తూర్పున గిద్దలూరు, కంభము, మార్కాపురము అను ఊళ్లుగల సీమ యొకటి కలదు. సముద్రము అచ్చటికి చాల దూరము. వానలు తక్కువ; నేల గట్టిది. ఒకప్పుడు తెలుగు దేశపు బాలురు అక్షరములు దిద్దుకొనిన రాతి పలకలు పెక్కు మార్కాపురపు గనులనుండి వచ్చినవే. 1970వ సంవత్సరమువరకు ఈ సీమ కర్నూలు జిల్లాలో నుండెను. ఆ యేట ఒంగోలు జిల్లా ఏర్పడగా అందులో చేరెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము జిల్లాయని పేరు వచ్చినది.

నీటిచుక్క విలువ తెలియనివారు ఈ సీమలో ఉండరు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభము దగ్గర రెండు కొండల నడిమి సందులోనుండి వెలికి వచ్చును. విజయనగర రాజుల కాలమున వరదరాజమ్మ యను రాణి ఆ సందును రాతితోను మట్టితోను మూయించి గొప్ప చెరువును కట్టించెను. వందల ఏండ్లు గడచినను ఆ కట్ట చెక్కుచెదరలేదు. ప్రపంచమునందలి ప్రాచీన నీటిపారుదల కట్టడములలో నొకటిగా దానికి 2020లో అంతర్జాతీయమైన గుర్తింపు లభించెను. గుండ్లకమ్మ అటుపై మార్కాపురపు సీమను దాటి, కొండల మట్టిని ఇసుకను మోసికొనుచు పోయి ఒంగోలునకు తూర్పున బంగాళాఖాతమున కలియును. సముద్రపు ఒడ్డున మనము త్రొక్కు ఇసుకలో చాలభాగము ఇట్లు నదులు కొండలనుండి దింపినదే. ఈ సంగతితో తరువాత పని కలదు.

కంభమునకు సమీపమున, బేస్తవారిపేట దగ్గర, మోక్షగుండము అను చిన్న గ్రామము ఉన్నది. కొన్ని తరములకు పూర్వము అచ్చటి బ్రాహ్మణ కుటుంబములు కొన్ని మైసూరు సీమకు వలసపోయెను. అవి ఊరిని విడిచినను ఊరిపేరును విడువలేదు. కన్నడ దేశమున స్థిరపడినను ఇంట తెలుగు మాటలాడుట మానలేదు. అట్టి యొక కుటుంబమున, చిక్కబళ్లాపురము దగ్గర ముద్దెనహళ్లి గ్రామమున, 1861 సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్య జన్మించెను. తండ్రి మోక్షగుండము శ్రీనివాసశాస్త్రి, సంస్కృత పండితుడు. తల్లి వేంకటలక్ష్మమ్మ. పెద్దలు ఏనాడో విడిచిన ఒక మెట్టపల్లె పేరు ఈ బాలుని మూలమున దేశమంతట వినబడెను.

ఇంట విద్య ఉండెనుగాని ధనము లేదు. చిన్నతనముననే తండ్రి గతించెను. విశ్వేశ్వరయ్య చిక్కబళ్లాపురమున కొంత చదివి, పై చదువునకు బెంగుళూరు చేరెను. ఒక సంపన్న గృహమున పిల్లలకు చదువు చెప్పి, ఆ వచ్చిన దానితో తన చదువును సాగించుకొనెను. 1881లో బి.ఏ. పట్టమును పొందెను. గణితమున అతని ప్రజ్ఞను గుర్తించి మైసూరు ప్రభుత్వము విద్యార్థి వేతనమిచ్చి పూనా నగరపు సైన్సు కళాశాలకు పంపెను. 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథముడుగా కృతార్థుడయ్యెను. మరుసటి యేట బొంబాయి ప్రభుత్వపు ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరెను. అప్పటి కాయన వయస్సు ఇరువది మూడేండ్లు.

ఇంజనీరు పని యనగా రాళ్లు పేర్చి గోడ కట్టుటయే యని సామాన్యులు తలంతురు. విశ్వేశ్వరయ్య ఆ తలపును తొలి దినములలోనే దాటిపోయెను. 1893లో ఆయనను సింధు దేశమున సుక్కూరు పట్టణమునకు పంపిరి. పట్టణపు ప్రక్కనే మహానదియైన సింధువు పారుచుండెను. కాని ఆ నీరు బురద. దానిని వడగట్టుటకు పెద్ద పెద్ద తొట్లు కట్టవలెనన్న పట్టణము వద్ద అంత ధనము లేదు. విశ్వేశ్వరయ్య నదిని కొన్ని దినములు పరికించి, నది గర్భముననే బావి త్రవ్వించెను. నదీజలము ఇసుక పొరలగుండ ఊరి ఆ బావిలోనికి స్వచ్ఛమై చేరెను. వడగట్టు పనిని ఇసుకయే ఉచితముగా చేసిపెట్టినది. 1895 నాటికి సుక్కూరు ప్రజలకు మంచినీరు అందెను. ప్రకృతితో పెనుగులాడుట కంటె దాని నడకను కనిపెట్టి దానిచేతనే పని చేయించుకొనుట మేలని ఆయన అచ్చట గ్రహించెను. ఇసుకను గూర్చిన ఈ పాఠము ఆయన కథలో మరల ఒకమారు వేరొక రూపమున ఎదురగును.

పూనా నగరమునకు నీటినిచ్చు ఖడక్‌వాస్లా జలాశయము వద్ద ఆయన చేసిన పని మరింత ప్రసిద్ధము. వానకాలమున ఆ జలాశయము నిండి, అలుగుమీదుగా నీరు వృథాగా పొరలిపోవుచుండెను. వేసవి వచ్చుసరికి నగరమునకు నీరు చాలకుండెను. కట్టను ఎత్తు చేయుద మనుట అందరికి తోచు ఉపాయమే. కాని పాతకట్ట ఆ అదనపు బరువును ఓర్చునా యనునది సందేహము. ఖర్చు అంతకంటె పెద్ద సందేహము. విశ్వేశ్వరయ్య కట్టజోలికి పోలేదు. అలుగుమీద ఇనుప తలుపులను అమర్చెను. నీరు ఒక మట్టమువరకు ఆ తలుపులచేత నిలిచియుండును. ఆ మట్టమును మించగానే, మనిషి చేయి తగులకయే, నీటి బరువునకే అవి తెరచుకొనును. వరద తగ్గగానే తమంతట మూసికొనును. 1903లో అమర్చిన ఈ తలుపులు జయప్రదముగా పనిచేసెను. తరువాత గ్వాలియరులోను, మైసూరులోను అట్టివానినే వాడిరి. అర్ధరాత్రివేళ తుపానులో కట్టమీదికి పరుగెత్తి తలుపు లెత్తవలసిన కావలివాని కష్టము తెలిసినవారికి ఈ యుక్తి ఎంతటిదో బోధపడును. ఆ తలుపులపై హక్కు తనదే యైనను, ప్రభుత్వోద్యోగిగా నుండి కనిపెట్టినది గనుక ఆయన వానికై ప్రతిఫలము పుచ్చుకొనలేదు.

1906లో భారత ప్రభుత్వము ఆయనను ఏడెన్ రేవునకు పంపెను. చుట్టును సముద్రమున్నను త్రాగుటకు నీరు లేని చోటది. అచ్చట నీటి సరఫరాకును మురుగునీటి పారుదలకును ఆయన ప్రణాళికలు సిద్ధపరచెను. రెండేండ్ల పిమ్మట, పైమెట్టునకు ఎదుగుటకు దారి కనబడక, బొంబాయి కొలువును తానై విడిచి ఐరోపా ఖండమును చూడబోయెను. అపుడే హైదరాబాదునుండి పిలుపు వచ్చినది.

1908 సెప్టెంబరు 28వ తేదీ హైదరాబాదు చరిత్రలో మరపురాని దినము. ఎడతెగని వానకు మూసీనది పొంగి, తెల్లవారునప్పటికి నగరములోనికి చొచ్చుకొనివచ్చెను. వంతెనలు మునిగెను. వేలకొలది ఇండ్లు కూలెను. సుమారు 15,000 మంది ప్రాణములు కోల్పోయిరని లెక్క. అఫ్జల్‌గంజు వద్దనున్న ఒక చింతచెట్టు నెక్కి నూట యేబదిమంది బ్రదికిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున తరతరాలు నిలిచి ఆ దినమును జ్ఞాపకము చేయుచున్నది.

ఇట్టి ఉపద్రవము మరల రాకుండ చేయుటకు ఉపాయము చెప్పుమని నిజాము ప్రభుత్వము కోరగా, విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరెను. నగరమున అందరి చూపులు నదివైపే యుండెను. ఒడ్డుల వెంబడి ఎత్తైన గోడలు కట్టిన చాలునని పలువురు తలచిరి. ఆయన చూపు మాత్రము నదికి ఎగువన నిలిచెను. వాన ఎచ్చట ఎంత కురిసినది? ఏ వాగు ఎంత నీరు తెచ్చినది? ఏ చెరువు ఎప్పుడు తెగినది? ఈ ప్రశ్నల వెంట ఆయన పోయెను. మూసీ పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండగా అందు 221 చెరువులు తెగినట్లు లెక్క తేలెను. ఒక చెరువు తెగి దిగువచెరువు మీద పడును, అదియును తెగును, రెండింటి నీరు మూడవదానిమీద పడును. నగరమును ముంచినది ఒక్క వాన కాదు. గొలుసువలె ఒకదాని వెనుక నొకటి తెగిన చెరువుల నీరు. రోగి జ్వరమునకు నుదుట తడిగుడ్డ వేయు వైద్యుడు ఒకడు, నాడి చూచు వైద్యుడు ఒకడు. విశ్వేశ్వరయ్య రెండవ కోవకు చెందినవాడు.

ఆయన తన నివేదికలో నగరమునకు ఎగువన మూసీమీద ఒకటి, దాని ఉపనదియైన ఈసీమీద ఒకటి, రెండు పెద్ద జలాశయములను కట్టుమని చెప్పెను. వరదను అవి పట్టి యుంచి, కొంచెము కొంచెముగా విడువవలెను. నగరములోపల ఒడ్డులను సరిచేసి, వాని వెంబడి తోటలు పెంచవలెను. మురుగునీటికి వేరే కాలువలు కావలెను. ఆ సలహాననుసరించి ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. నగరమునకు వరద భయము తగ్గుటయే గాక త్రాగునీరును దొరకినది. ఒక్క కట్టడముతో రెండు బాధలను తీర్చుట ఆయన పద్ధతి. హైదరాబాదున ఖైరతాబాదులో ఆయన విగ్రహము నిలిచియున్నది. దానిముందునుండి పోవువారిలో ఎందరికి ఆ 788 చెరువుల లెక్క తెలియునో!

1909 చివర ఆయన మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరయ్యెను. కావేరీనదిపై కృష్ణరాజసాగరము పని 1911లో మొదలై ఇరువదేండ్లు సాగెను. సిమెంటు అరుదైన ఆ దినములలో సున్నమును ఇటుకపొడిని కలిపిన గచ్చుతోనే ఆ గొప్ప కట్టను లేపిరి. 1912 నుండి 1918 వరకు ఆయన సంస్థానమునకు దివాను. ఆ పదవి స్వీకరింపకమునుపే బంధువుల నందరిని పిలిచి, తన పదవి మూలమున ఎవరును మేలు కోరరాదని మాట పుచ్చుకొనెనని చెప్పుదురు. మైసూరు బ్యాంకు, విశ్వవిద్యాలయము, గంధపునూనె పరిశ్రమ, భద్రావతి ఇనుప కర్మాగారము మొదలగునవి ఆయన దక్షతకు సాక్ష్యములు. వానిని గూర్చి ఇతర గ్రంథములు పెక్కు కలవు. ఇచ్చట ప్రస్తుతము నీటి కథ.

ఆ కథ తూర్పు సముద్రతీరమున విశాఖపట్టణమునకు వచ్చునప్పటికి క్రొత్త చిక్కు ఎదురగును. నదికి ఒక దారి యున్నది. ఎగువకు పోయి దాని మూలమును చూడవచ్చును. సముద్రమునకు ఎగువ యేది?

విశాఖపట్టణపు ఓడరేవును బెంగాలు-నాగపూరు రైల్వేవారు నిర్మించిరి. యారాడ కొండ కొన సముద్రములోనికి పొడుచుకొని వచ్చినచోట, దానికి ఉత్తరమున, ఉప్పుటేటిని లోతుచేసి ఓడలు లోనికి వచ్చుటకు కాలువ త్రవ్విరి. కొండకొన ఓడలకు చాటు. దానినే డాల్ఫిన్స్ నోస్ అందురు. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ ఆ రేవున ప్రవేశించినది. చూచుటకు ఇది సులభమైన పనివలె తోచును. కాని ఆ కాలువనోటికి ఒక శత్రువు కాచుకొని యున్నది. అది ఇసుక.

అల తీరమునకు తిన్నగా రాదు. ఏటవాలుగా వచ్చి ఇసుకను ప్రక్కకు త్రోయును. వెనుకకు పోవునపుడు మాత్రము పల్లమునకు తిన్నగా దిగును. మరల వచ్చు అల దానినే ఇంకొక అడుగు ముందునకు త్రోయును. ఇట్లు రంపపు పండ్లవంటి మార్గమున ఇసుకరేణువు రేయింబవళ్లు నడచుచునే యుండును. నైరుతి ఋతుపవనముల కాలమున తూర్పు తీరపు ఇసుక ఉత్తరముగా నడచును. ఈశాన్య ఋతుపవనముల కాలమున దక్షిణముగా మరలును. ఉత్తరముగా పోవునది మరలి వచ్చుదానికంటె ఎక్కువ. కావున సంవత్సరాంతమునకు లెక్క చూచినచో, తీరమున ఇసుకనది యొకటి దక్షిణమునుండి ఉత్తరమునకు పారుచున్నట్లే. ఆ నది కంటికి కనబడదు. దానికి అడ్డముగా ఒక గోడ కట్టినపుడు మాత్రము అది యున్నదని తెలియును. గోడకు దక్షిణమున ఇసుక మేటవేయును. ఉత్తరమున తినుటకు ఇసుక దొరకని అలలు తీరమునే తినివేయును.

చెన్నపట్టణమున ఇది అందరు చూచినదే. పందొమ్మిదవ శతాబ్ది చివర అచ్చట ఓడరేవునకు గోడలు కట్టగా, దక్షిణమున మెరీనా ఇసుక తిన్నెలు విశాలమయ్యెను. ఉత్తరమున రాయపురపు ఒడ్డు కోతకు గురియయ్యెను. ఒక ప్రక్క వారికి విహారస్థలము, మరియొక ప్రక్క పల్లెకారులకు ఇల్లు పోవుట. రెండును ఒకే గోడ చేసిన పనులు.

విశాఖపట్టణమున ఈ చిక్కును దాటుటకు రాళ్లు నింపిన రెండు పాత ఓడలను కొండకొన దగ్గర సముద్రమున ముంచి, వానిని ఆధారముగా చేసికొని అలల కడ్డుకట్ట ఏర్పరచిరి. అలల బలము దానిమీద విరిగిపోవును. దక్షిణమునుండి వచ్చు ఇసుక కాలువనోటికి చేరకమునుపే దాని నీడన ఆగును. అట్లు ఆగిన ఇసుకను డ్రెడ్జరు ఓడతో తోడివేయుదురు. ఓడరేవును సముద్రపు కోతనుండి కాపాడు ఏర్పాటునకు విశ్వేశ్వరయ్య సలహా తోడ్పడెనని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. ఓడలను ముంచు యుక్తియే ఆయనదని జనులు కథగా చెప్పుకొందురు. అంతటి నిర్మాణము ఒక్కని చేతిమీదుగా జరుగదు. రేవు ఇంజనీర్లును, అలలలో నిలిచి రాళ్లు దింపిన కూలీలును అందు భాగస్వాములే. అయినను జనులు ఆ యుక్తిని ఆయనకే అంటగట్టుటలో ఔచిత్యము లేకపోలేదు. సుక్కూరున ఇసుకచేత నీటిని వడగట్టించిన బుద్ధికిని, ఇచ్చట అలల నీడలో ఇసుకను ఆపించిన బుద్ధికిని పోలిక స్పష్టముగా నున్నది.

ఈ ఏర్పాటులో మరువరాని మాట యొకటి కలదు. అడ్డుకట్ట ఒకనాడు కట్టి విడిచిపెట్టునది కాదు. దాని నీడన చేరిన ఇసుకను ఏటేట తోడవలెను. తోడినదానిని సముద్రములో దూరముగా పారవేయక, కాలువకు ఉత్తరమున నున్న ఒడ్డున పోయవలెను. అపుడే ఇసుకనది తెగిపోకుండ తన దారిని తాను పోగలదు. ఖడక్‌వాస్లా తలుపులు తమంతట తెరచుకొని మూసికొనును. సముద్రతీరమునకు అట్టి తలుపు దొరకలేదు. అచ్చట మనిషి చేయి ఏనాటికిని ఆగరాదు.

విశ్వేశ్వరయ్య నీటిపనులు అంతటితో నిలువలేదు. 1930 తరువాతి సంవత్సరములలో ఒరిస్సా దేశపు వరదలను గూర్చి నివేదికలు వ్రాసి, మహానదికి ఎగువన జలాశయములు కట్టవలెనని సూచించెను. 1957లో హిరాకుడు ఆనకట్ట పూర్తియైనపుడు ఆయన ఇంకను జీవించియే యుండెను. తొంబదియేండ్లు దాటిన వయస్సున బీహారులో గంగానదిపై వంతెనకు తగిన చోటును నిర్ణయించుటకై ఎండలో తిరిగెను. 1951లో తన ఉద్యోగజీవితపు స్మృతులను గ్రంథముగా ప్రకటించెను. 1955లో భారత ప్రభుత్వము ఆయనకు భారతరత్న బిరుదము నిచ్చెను. నూరవయేట కూడ ఆయన దుస్తులు మడత నలిగి యుండలేదనియు, కలియవచ్చినవారు నిర్ణీతకాలమునకు ఒక నిమిషము ఆలస్యము చేసినను ఆయన మెచ్చలేదనియు ఎరిగినవారు చెప్పిరి. 1962 ఏప్రిలు నెలలో బెంగుళూరున ఆయన తనువు చాలించెను. పుట్టిన ఊరైన ముద్దెనహళ్లిలోనే ఆయన సమాధి యున్నది. ఆయన జన్మదినమును దేశమంతట ఇంజనీర్ల దినముగా జరుపుకొందురు.

ఆయన గతించిన పిమ్మట విశాఖతీరమున చాల మార్పులు జరిగెను. పెద్ద ఓడలకై 1976లో వెలుపలి రేవును తెరచిరి. అందుకొరకు సముద్రములోనికి మునుపటికంటె పొడవైన రాతి అడ్డుకట్టలను చాచవలసి వచ్చెను. ఇసుకనదికి అడ్డు హెచ్చినది. డ్రెడ్జరు తోడిపోయు ఇసుక చాలినంత చేరని ఏటను, తుపాను పట్టిన ఏటను, కోస్టల్ బ్యాటరీ మొదలు రామకృష్ణా బీచి వరకు ఒడ్డు కోసికొనిపోవుట నగరవాసులు చూచిరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను నగరము మీద పడిన పిమ్మట ఆ కోత మరింత భయము కలిగించెను. సాయంకాలము పిల్లలు ఆడుకొను ఇసుకతిన్నె కరగి, అలలు రోడ్డు ప్రక్క గోడను కొట్టుచుండగా, రాళ్లు తెచ్చి పోయుదమని కొందరు, ఇసుక తెచ్చి పోయుదమని కొందరు వాదించిరి. రాళ్లు పోసినచోట ఒడ్డు నిలుచును. దాని ప్రక్కచోటు కోతపడును. ఇసుక పోసినచో ఒడ్డు ఒడ్డుగానే యుండును. కాని మరుసటి యేట మరల పోయవలెను. ఏదో ఒకటి ఒక్కమారు చేసి చేతులు దులిపికొందమనువారికి సముద్రము దారి చూపలేదు.

కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ గ్రామము ఇంతకంటె దైన్యమును చూచినది. అచ్చటి చేనేత చీరెలు పేరుపొందినవి. ఆ నేతగాండ్రకు, పల్లెకారులకు సముద్రము తరతరములుగా ఇరుగుపొరుగు. ఆ ఇరుగు ఇంటిలోనికే వచ్చినది. ఇండ్లు, గుళ్లు, రోడ్డు ఒకదాని వెంట నొకటి అలల పాలయ్యెను. ఇసుక నింపిన పెద్ద గుడ్డగొట్టములను ఒడ్డున పరచి కొంతకాలము కోతను ఆపిరి. అలల తాకిడికి అవియును చినిగెను. రాళ్లు పోసిరి, తుపాను వచ్చినప్పు డెల్ల రోడ్డు తెగుచునే యున్నది.

ఇచ్చట విశ్వేశ్వరయ్య పద్ధతిని అనుసరించి ఎగువకు చూడవలసి యున్నది. సముద్రమునకు ఎగువ లేదనుకొంటిమి. కాని తీరమునకు ఎగువ కలదు. గోదావరి, కృష్ణ మొదలగు నదులు కొండలనుండి తెచ్చు ఇసుకయే తీరమునకు ఆహారము. నదులమీద ఆనకట్టలు కట్టిన కొలది ఆ ఇసుక జలాశయముల అడుగున నిలిచిపోవుచున్నది. మిగిలినదానిని ఇండ్లు కట్టుకొనుటకై నదీగర్భమునుండి బండ్లకొలది తరలించుచున్నారు. నదులు సముద్రమునకు చేర్చు మట్టియు ఇసుకయు వెనుకటికంటె ఎంతో తగ్గినవి. గోదావరీ, కృష్ణల ముఖములందు పెక్కుచోట్ల ఒడ్డు వెనుకకు జరుగుచున్నది. జలాశయములలో పూడిక చేరునని విశ్వేశ్వరయ్య తరమువారు బాగుగ ఎరుగుదురు. ఆ పూడిక ఎచ్చటనో దూరమున ఒక పల్లెకారుని ఇంటిముంగిట చేరవలసిన ఇసుక యని తలచినవారు మాత్రము ఆ కాలమున అరుదు. కరవునకు, వరదకు మందుగా వారు కట్టిన కట్టలు లక్షలమందికి అన్నము పెట్టినవి. ఆ లెక్కలో తీరము చేరలేదు. ఆయన 788 చెరువులను ఒక్కొక్కటిగా లెక్కించిన విధముననే నేటి ఇంజనీర్లు నది తెచ్చు ఇసుకను, కట్ట ఆపు ఇసుకను, అల మోయు ఇసుకను లెక్కించుట ఆరంభించిరి. తీరమున ఎచ్చటనైనను గోడ కట్టకమునుపు దాని ఇరుప్రక్కల పల్లెలకు కలుగు ఫలితమును చూడవలెననుట ఇపుడు నియమమైనది. తాటి, సరుగుడు చెట్లను, మడ అడవులను పెంచి ఒడ్డును కాపాడుటయు ఆ ప్రయత్నములలో నొకటి.

మోక్షగుండపు సీమనుండి పారు గుండ్లకమ్మ చిన్ననది. గోదావరితో పోల్చదగినది కాదు. దానిమీదను ఒంగోలునకు కొంచెము ఎగువన మల్లవరము దగ్గర ఒక జలాశయము 2008లో ఆరంభమయ్యెను. ప్రకాశము జిల్లా రైతులకు అది పెన్నిధి. 2022 ఆగస్టు నెలలో ఒక రాత్రి దాని తలుపు ఒకటి ఊడి కొట్టుకొనిపోయెను. మరుసటి యేడు డిసెంబరులో తుపానువానలు వచ్చినపుడు మరియొకటి పోయెను. తలుపు తిరిగి అమర్చులోపల, రైతులు ఆశపెట్టుకొనిన నీరు రేయింబవళ్లు ఆ ఖాళీలోనుండి దిగువకు జారి, నల్లమల ఇసుకను కొంత వెంటబెట్టుకొని, సముద్రమున కలిసెను.